ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ల ప్లగిన్ ఇంటర్‌ఫేసులు: ప్రయోగ దశ చరిత్ర

ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌కు బయటి ప్రోగ్రామర్లు కొత్త సౌకర్యాలు తగిలించుకోవడానికి వదిలిన ద్వారమే ప్లగిన్ ఇంటర్‌ఫేస్. నూజివీడు నర్సరీల మాటలో ఇది టెంక మొక్కకు అంటు కట్టే చోటు. ఇక్కడ కోత తీరు మారితే అంటు పట్టదు. ముందుముందు మార్చవచ్చునని హెచ్చరించి మరీ ఇచ్చేవి ప్రయోగాత్మక ఇంటర్‌ఫేసులు.

ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణం 1998 ఫిబ్రవరి 10న వెలువడింది. అంతకుముందే ఈమాక్స్ వంటి ఎడిటర్లకు వాడుకరులు సొంత ఆదేశాలు రాసుకునేవారు.

ఐబీఎం 2001 నవంబరులో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో ఎడిటర్ కూడా ఒక ప్లగినే. ఏ ప్లగిన్ ఏం చేస్తుందో చెప్పే ఫైల్ సైతం ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటుంది. ప్యాకేజీ పేరులో 'ఇంటర్నల్' అని ఉంటే బయటివారు ముట్టుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. 2005 డిసెంబరులో వచ్చిన ఎక్లిప్స్ ప్రాజెక్టు వెబ్ టూల్స్ ప్లాట్‌ఫామ్ 1.0 ఈ కట్టుబాటును చిక్కులో పడేసింది. అందులోని ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌కు కీలకమైన తరగతులు (క్లాసులు) 'ఇంటర్నల్.ప్రొవిజనల్' ప్యాకేజీల్లో ఉండిపోయాయి. వేరే దారి లేక ఇతర ఉత్పత్తుల డెవలపర్లు వాటినే వాడుకున్నారు; మారిస్తే తమ పని ఆగిపోతుందని మొరపెట్టుకున్నారు. ప్రాజెక్టు బృందం ఆ మొరను వినడంతో సరిపెట్టలేదు. ఎవరి కోడ్ ఏ అంతర్గత తరగతిని పిలుస్తోందో జల్లెడ పట్టి లెక్క తీయించి, మార్పుకు ముందు ఆ లెక్క చూసే మెచ్చదగిన అలవాటు చేసుకుంది. ఫలితంగా 'ప్రొవిజనల్' (తాత్కాలికం) అన్న పేరు ఏళ్ల తరబడి అలాగే నిలిచింది. పేరు మార్చినా ప్లగిన్లు విరిగేవి మరి!

తెలుగువారికి ఇదే ఇబ్బంది బ్రౌజర్ వైపు నుంచి ఎదురైంది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో నాంది పలికిన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' ఎక్స్‌టెన్షన్ రాశారు. పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో పెట్టిన తెలుగును అది యూనికోడ్‌లోకి మార్చేది. యూనికోడ్ తెలుగు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో అదెంతో విలువైన పనిముట్టు. అప్పటి ఫైర్‌ఫాక్స్ మెనూలు, కిటికీలు ఎక్స్‌యూఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ భాషలో ఉండేవి. ఎక్స్‌టెన్షన్లు వాటి మీదే తమ ముక్క అతికించుకునేవి. ఏ వెర్షన్ దాకా పనిచేస్తుందో ఎక్స్‌టెన్షన్ ముందే రాసి ఇవ్వాలి. దాంతో కొత్త ఫైర్‌ఫాక్స్ వచ్చినప్పుడల్లా ఆ అంకె మార్చడం డెవలపర్ల నెత్తిన పడేది.

ఎక్స్‌యూఎల్‌ను వదిలి వెబ్‌ఎక్స్‌టెన్షన్లకు మారుతున్నట్టు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2015 ఆగస్టులో ప్రకటించింది. తమకు కావలసిన పనులు కొత్త ఇంటర్‌ఫేస్‌తో కావని డెవలపర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారిలో డౌన్‌దెమ్‌ఆల్ అనే ఎక్స్‌టెన్షన్ రచయిత నిల్స్ మయర్ ఒకరు. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయాయి. కొత్త ఇంటర్‌ఫేసులను ముందుగా పరీక్షించేందుకు 'ఎక్స్‌పెరిమెంట్స్' అనే దారి పెట్టారు. బయటి డెవలపర్లకు అది నైట్లీ, డెవలపర్ ఎడిషన్ల వంటి పరీక్షా కూర్పుల్లోనే తెరుచుకుంటుంది. మామూలు విడుదలలో మూసే ఉంటుంది.