క్రికెట్ చూడని అమ్మమ్మ క్రికెట్‌కి ఎందుకు డబ్బు కట్టింది?

ఈసారి మా ముంచింగిపుట్టు నుంచే మొదలుపెడదాం. మా అమ్మమ్మకి ఓవర్‌కి ఎన్ని బంతులో తెలీదు. సీరియల్ అయిపోగానే టీవీ కట్టేసి పడుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి ఆవిడ కట్టిన కేబుల్ బిల్లులో స్పోర్ట్స్ ఛానళ్ల వాటా ఉంది. ఎలాగో చూద్దాం.

ఒకప్పుడు మ్యాచ్ అంటే దూరదర్శనే. మ్యాచ్ చూపించినందుకు అప్పట్లో అదే తిరిగి క్రికెట్ బోర్డుని డబ్బులడిగేది! ఇప్పుడు వేల కోట్ల వేలం చూసే మనకి ఇది జోక్‌లా ఉంటుంది. 1993లో హీరో కప్ హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఓ విదేశీ కంపెనీకి ఇచ్చింది. గొడవ సుప్రీంకోర్టుకెళ్లింది. 1995 ఫిబ్రవరిలో కోర్టు ఏమందంటే, ఎయిర్‌వేవ్స్ ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని. ఆ తర్వాత మ్యాచ్‌లు మెల్లగా పే ఛానళ్లకి వెళ్లిపోయాయి.

అప్పటి కేబుల్ అనలాగ్. ఒకే వైరు, అందరింటికీ ఒకే సిగ్నల్. ఒక్క ఇంటికి మాత్రం ఒక ఛానల్ ఆపడం ఆపరేటర్‌కి కష్టం. అందుకే ఖర్చంతా కలిపి అందరి మీదా సమానంగా వేసేవాడు. మోసం అనను, టెక్నాలజీ అంతే. దీనికి మందుగా 2003లో చెన్నైలో సెట్‌టాప్ బాక్స్ పెట్టారు. బాక్స్ అంటే సింపుల్‌గా ఛానల్ ఛానల్‌కీ ఒక తాళం. విశాఖపట్నం డిజిటల్ గడువు 2013 మార్చి, మనలాంటి పల్లెలకి 2017 మార్చి.

తాళం వచ్చింది కదా, ఇక చూసేవాడే కడతాడు అనుకున్నారు. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త రూల్ వచ్చింది: అప్పట్లో 100 ఛానళ్లకి 130 రూపాయలు, జీఎస్టీతో 153.40. స్టార్ స్పోర్ట్స్ 1 కావాలంటే అప్పుడు విడిగా 19 ఉండేది. పేపర్ మీద బ్రహ్మాండం. కానీ బ్రాడ్‌కాస్టర్లు ప్యాక్‌ల రేటు ఎంత తగ్గించారంటే, కావాల్సినవి ఒక్కొక్కటీ ఏరుకుంటే ప్యాక్ కంటే ఎక్కువయ్యేది. సీరియల్ ఛానల్ కోసం ప్యాక్ తీసుకుంటే అందులోనే స్పోర్ట్స్. అమ్మమ్మ మళ్లీ దొరికిపోయింది.

ఇంకో దారి కూడా ఉంది. ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ ప్రసార భారతికి ఇచ్చి తీరాలని 2007లో చట్టం చేశారు. అందులో కేబుల్ వాళ్లకీ దూరదర్శన్ ద్వారా మ్యాచ్ వచ్చేది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ షేర్ చేసిన సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకి, డీడీ ఫ్రీ డిష్‌కి మాత్రమే అంది. దాంతో తమాషా చూడండి. నెలకి పైసా కట్టని ఫ్రీ డిష్ ఇంట్లో ఇండియా మ్యాచ్ వస్తుంది. నెలనెలా కేబుల్ బిల్లు కట్టి, స్పోర్ట్స్ ఛానల్ తీసుకోని ఇంట్లో రాదు. కోట్లు పెట్టి హక్కులు కొన్న కంపెనీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఇది సరైన లెక్క కాదనిపిస్తుంది.

మా వైపు ఇంకో చిక్కుంది. ఇక్కడ చాలామందికి కాఫీ, మిరియాల డబ్బులు ఏడాదికోసారి చేతికొస్తాయి. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. పైగా కొండ మీద విడివిడిగా పది ఇళ్లుంటే వాటికి కేబుల్ లాగే ఖర్చు ఎవడికీ గిట్టదు. పైకప్పు మీద చిన్న డిష్ ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నా ఓటు ఇలా: ఐపీఎల్ లాంటివి చూసేవాళ్లే కట్టాలి. దేశం జట్టు ఆడే మ్యాచ్ మాత్రం కేబుల్‌లో కూడా అందరికీ ఫ్రీగా రావాలి. ఐపీఎల్ ఐదేళ్ల టీవీ హక్కులే 23,575 కోట్లకి అమ్ముడయ్యాయి. ఆ డబ్బు ఎవరో ఒకరి జేబులోంచే రావాలి. అది క్రికెట్ అభిమాని జేబు అయితే నాకేం అభ్యంతరం లేదు, నాతో సహా.

2023లో ఫోన్‌లో ఐపీఎల్ ఫ్రీ అని మనం ఎగిరి గంతేశాం. 2025 వచ్చేసరికి కాసేపు చూపించి సబ్‌స్క్రిప్షన్ అడిగింది. మొన్న ఊరెళ్తే అమ్మమ్మ నా ఫోన్ చూసి, "దీనికి కూడా కట్టాలా?" అంది.