బడి గంట కొట్టాక

1964. విశాఖపట్నం పాతూరు. సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో చివరి గంట మోగింది. పిల్లలు గేటు మీద పడ్డారు. హార్బరులో ఏదో ఓడ కూత వేసింది. మాస్టారు చేతికంటిన సుద్దపొడి దులుపుకుని, దిద్దాల్సిన పేపర్ల కట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగారు.

"మాస్టారూ, రేపు మార్కులు చెప్పేస్తారా?"

"చూద్దాం లేరా, ముందు ఇంటికెళ్ళు."

ఈ సాయంత్రం నేను ఊహించింది. ఆ బడి మాత్రం నిజం, ఆ మాస్టారూ నిజమే. ఆ ఏడాది ఆయన రాసిన కథ మరీ నిజం.

కాళీపట్నం రామారావు 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. 1948లో ఈ బడిలో చేరి, 1979లో రిటైరయ్యేదాకా ఇక్కడే పాఠాలు చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళు! కారా మాస్టారు అన్న పిలుపులో సగం బడి పెట్టింది, సగం కథ పెట్టింది.

ఉద్యోగం కలాన్ని మింగేస్తుందని మనవాళ్ళు తరచూ వాపోతుంటారు. మాస్టారి విషయంలో నాకు తోచేది వేరు. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది గనక కథ అమ్ముకుని బియ్యం కొనాల్సిన పని లేదు. తొందర లేదు. అందుకే 1950ల చివర్లో, అప్పటిదాకా రాసినవి తనకే తృప్తినివ్వక, కొన్నేళ్ళు కథలు రాయడమే మానుకోగలిగారు. రాతతోనే పొట్టపోసుకునేవాడికి ఆ మౌనం సాధ్యమా?

ఆ మౌనం తర్వాత వచ్చిన కథల్లో ఒకటి, 1964లో రాసిన 'యజ్ఞం'. సుందరపాలెం అనే ఊళ్ళో ఒక బాకీ తగువు. పెద్దమనుషులు కూర్చున్నారు. పత్రాలూ వడ్డీలూ అన్నీ సక్రమమే. ధర్మం కూడా అప్పిచ్చినవాడి పక్షానే ఉన్నట్టుంది. చివరికి బాకీపడ్డ అప్పలరాముడి కొడుకు, తన బిడ్డ ఈ అప్పుకి బానిస కాకూడదని, ఆ పసివాణ్ణి తన చేత్తోనే చంపేస్తాడు. పొద్దున్నే పిల్లల ముందు నిలబడి హాజరు పిలిచే మనిషి ఈ ముగింపుని మనసులో పెట్టుకుని బడికెలా వెళ్ళారో! ఒక పిల్లాడు 'ప్రెజెంట్ సార్' అన్నప్పుడల్లా ఆ పసివాడు గుర్తొచ్చి ఉండడా?

రాసిన రెండేళ్ళకి, 1966లో, 'యువ' మాసపత్రికలో అచ్చయింది. ఇక 'యజ్ఞం' మీద రేగిన వాదాలు ఏళ్ళ తరబడి చల్లారలేదు. ఆ ముగింపు న్యాయమా కాదా అని నేటికీ తగువులాడుకునేవాళ్ళున్నారు. మాస్టారు మాత్రం బడి మానలేదు.

అదే ఊళ్ళో ఆయన స్నేహితుడు రావిశాస్త్రి నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్ళేవారు. సారా కేసుల ముద్దాయిలు ఆయన కథల్లోకి నడిచొచ్చారు. ఆయనకి వృత్తే ముడిసరుకు. మాస్టారికి అలా కాదు. జీతం విశాఖ ఇచ్చింది, కథలు మాత్రం వెనక వదిలొచ్చిన పల్లెల నుంచే ఎక్కువగా వచ్చాయి.

1979లో ఉద్యోగం అయిపోయింది. ఇక తీరిగ్గా కూర్చుని రాశులు పోస్తారనుకుంటాం. పోయలేదు. తన కథలకన్నా ఊరందరి కథలూ ఏమైపోతున్నాయన్న దిగులు పట్టుకుంది ఆయనకి. పాత పత్రికలు చెదలకీ చిత్తుకాగితాల బేరగాళ్ళకీ పోతుంటే ఒక్కొక్కటే పోగుచేశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. 1997 ఫిబ్రవరి 22న, డెబ్బై రెండేళ్ళ వయసులో, శ్రీకాకుళంలో కథానిలయం తలుపులు తెరిచారు. తెలుగు కథకి ఒక ఇల్లు. అందులో బీరువాల నిండా ఇతరుల కథలే.

2021 జూన్ 4న మాస్టారు వెళ్ళిపోయారు. కథానిలయం చూడాలంటే శ్రీకాకుళంలో దిగి ఆటోవాడికి అడ్రసు చెప్పాలి: విశాఖ-ఎ కాలనీ.