పళ్ల క్లిప్పులపై బ్యాక్టీరియా నిరోధక పూతలు

పళ్ల వరుస సరిచేసే క్లిప్పుల మీద బ్యాక్టీరియా పేరుకోకుండా వేసే పలుచని పొరలే ఈ పూతలు. క్లిప్పు ఏడాదిన్నర, రెండేళ్లు నోట్లోనే ఉంటుంది. పంటికి అంటించిన బ్రాకెట్ అంచుల్లో, తీగ కింద బ్రష్షు సరిగా అందదు. అక్కడ చేరిన పాచిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. క్లిప్పు తీశాక ఆ చోట తెల్లమచ్చ కనబడుతుంది.

1955లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసి రెసిన్ అతికించే పద్ధతి చూపాడు. ఆ దారిలోనే, ప్రతి పంటికీ లోహపు పట్టీ తొడిగే అవసరం తగ్గి, బ్రాకెట్‌ను నేరుగా అంటించడం వాడుకలోకి వచ్చింది. మచ్చల బెడద మాత్రం తీరలేదు. 1982లో అమెరికాలో గోరెలిక్ బృందం పరిశీలించినవారిలో దాదాపు సగం మందికి అవి కనిపించాయి.

మొదట పూత పడింది క్లిప్పుకు కాదు, పంటికి. 1960లలో ఐరోపాలో వచ్చిన ఫ్లోరైడ్ వార్నిష్ నేటికీ నమ్మదగిన రక్షణే. తెలుగు నేలపై ఫ్లోరైడ్‌కు మరో ముఖం ఉంది. నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ తెచ్చిన జబ్బు 1937లోనే వైద్య పత్రికకెక్కింది. నల్లగొండలోనూ అదే బాధ ఉండటం తెలిసిందే. అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవారి పళ్లపై ముందే తెల్లచారలు ఉండవచ్చు. కాబట్టి క్లిప్పు వేసే ముందే ఫొటోలు తీసి ఉంచడం చాలా అవసరం. లేకపోతే ఏ మచ్చ నీటిదో, ఏది పాచిదో తరవాత తేల్చడం కష్టం.

లోహానికి వేసే పూతలు రెండు దారుల్లో నడిచాయి. ఒకటి అంటనివ్వనిది: 2010లో హానోవర్ పరిశోధకులు టెఫ్లాన్ పూసిన బ్రాకెట్లపై పాచి తక్కువగా చేరిందని చూపారు. రెండోది చంపేది: వెండి సూక్ష్మకణాలు, టైటానియం డయాక్సైడ్. కొరియాలో 2007లో టైటానియం డయాక్సైడ్ పూసిన తీగలు ప్రయోగశాలలో మంచి ఫలితమిచ్చాయి. అయితే ఆ పదార్థం పనిచేయడానికి అతినీలలోహిత కాంతి కావాలి, నోట్లోనేమో చీకటి. పైగా లాలాజలంలోని ప్రోటీన్లు నిమిషాల్లోనే పూతను కప్పేస్తాయి. బ్రష్షు రాపిడికి, తీగ జారే ఒరిపిడికి పూత అరిగిపోతుంది. వెండి మోతాదు పెరిగితే నోటి కణాలకు హాని జరగవచ్చు.

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌కు వెళ్లే యువతకు పూతల ఈ పరిమితులు తెలియడం ముఖ్యం. తీపి టీ మీద టీ తాగుతూ చదివే రోజుల్లో పంటిపై ఆమ్లం దాడి ఆగదు. పంటి రంగు పూత ఉన్న తీగలు మార్కెట్లో దొరుకుతున్నా, అవి ప్రధానంగా అందం కోసం చేసినవి. వాటిని పాచి నిరోధకాలుగా భావించకూడదు. సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు, డాక్టరు సూచించిన వ్యవధిలో వార్నిష్ ఏ క్లిప్పు వేసుకున్నవారికైనా అవసరమే.