తెర మీద తుపాకి

మంగళగిరి వాళ్లకు తుపాకి సినిమాలో చూసే వస్తువు మాత్రమే కాదు. ఊళ్లో ఏపీఎస్పీ ఆరో బెటాలియన్ ఉంది, రాష్ట్ర విభజన తర్వాత పోలీసు ప్రధాన కార్యాలయమూ ఆ ఆవరణకే వచ్చింది. పోలీసుల్లో ఒక తరం త్రీ నాట్ త్రీ రైఫిల్ మోసింది. తర్వాత ఎస్ఎల్ఆర్, ఆపైన ఇన్సాస్ వచ్చాయి. త్రీ నాట్ త్రీ పుట్టిల్లు ఇంగ్లండు. దాన్ని తయారుచేసిన కర్మాగారాల్లో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ ఒకటి. మనవాళ్లు ఏళ్ల తరబడి తొక్కిన సైకిలు మీద ఉన్న పేరూ అదే.

2013లో బీబీసీలో మొదలైన ‘పీకీ బ్లైండర్స్’ సీరియల్ కథ ఆ కర్మాగారం దగ్గరే రాజుకుంటుంది. కాలం 1919. మోటారు సైకిళ్లనుకుని ఒక ముఠా ఎత్తుకొచ్చిన పెట్టెల్లో తుపాకులుంటాయి. వాటిని వెతకడానికి చర్చిల్ బెల్‌ఫాస్ట్ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్‌ను రప్పిస్తాడు. తుపాకులు చేతబట్టినవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో నలిగి వచ్చినవాళ్లు, కాబట్టి ఆ సీరియల్లో ప్రతి ఆయుధానికీ ఒక గతం ఉంటుంది. నాకు అందులో నచ్చింది అదే.

దాదాపు ఆ రోజుల్లోనే మన దగ్గర జరిగింది అంతకన్నా పెద్ద కథ. 1922 ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. అదే ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకెళ్లాడు. దొంగలా కాదు, ఏమేం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి మరీ. తెల్లదొరలకు తమ కింది పోలీసు మీదే పూర్తి నమ్మకం లేదు. సైనిక రైఫిల్‌నే బెంగాల్‌లోని ఇచ్చాపూర్ కర్మాగారంలో నున్నటి గొట్టంతో, ఒకసారికి ఒక్క తూటాయే పేలే .410 మస్కట్‌గా మార్పించి పోలీసులకు ఇచ్చారు. తిరగబడతారేమోనన్న భయం ఆ గొట్టంలోనే ఉంది.

మన తెర మాత్రం తుపాకిని బయటి నుంచి అరువు తెచ్చుకుంది. ‘గూఢచారి 116’ (1966) జేమ్స్ బాండ్ దారిలో వచ్చింది, ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) కౌబాయ్‌ల దారిలో. రెండింటిలోనూ హీరో తెనాలి దగ్గరి బుర్రిపాలెం కృష్ణే. 1974లో అల్లూరిగా నటించి ఆ తుపాకిని మన్యానికి చేర్చినవాడూ ఆయనే. ఆ మలుపుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

తెర బయట, బెజవాడ ముఠా కక్షల్లో పేరు మోసినవి తుపాకులు కాదు, కత్తులు, బాంబులు. 1988 డిసెంబరులో నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి రంగాను చంపిందీ వాటితోనే. బెజవాడలో ఇంజినీరింగ్ చదివిన రామ్‌గోపాల్ వర్మ మరుసటి ఏడాది ‘శివ’లో హీరో చేతికి సైకిల్ చైన్ ఇచ్చాడంటే, తాను చూసిన వీధిని ఉన్నదున్నట్టు తెరకెక్కించాడన్నమాట. ఆ నిజాయితీ తర్వాత వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో, మాఫియా సినిమాల్లో పలచబడింది. తూటాలు లెక్కలేకుండా పేలాయి, ఏ తుపాకి ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు.

2022లో ‘ఆర్ఆర్ఆర్’ తుపాకి ఎక్కడిదన్న ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. తన ఊరివాళ్ల చేతికి తుపాకులు అందించడానికే అందులో అల్లూరిగా కనిపించే రామ్ బ్రిటిష్ పోలీసులో చేరతాడు. అది కల్పన. అసలు చింతపల్లి తుపాకులతో మన్యంలో 1924 మే దాకా సాగిన పోరు, దామనపల్లి కనుమలో ఇద్దరు తెల్ల అధికారులు కూలడం, మలబారు నుంచి, అస్సాం నుంచి బలగాలు దిగడం, ఇవన్నీ తీరిగ్గా చెప్పుకుంటూ పోతే ఎన్ని భాగాల సీరియల్‌కైనా సరిపోతాయి.