పారిపోలేని పైరుకు ఆత్మరక్షణ ఎలా?

మొక్కకు కళ్లు, చెవులు, నాడీమండలం లేవు. ఆపద వస్తే నిలిచిన చోటు విడిచి పోలేదు. అయినా నీటి కొరతను, ముంపును, పురుగు కాటును, సూక్ష్మజీవి రాకను గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో విధంగా స్పందిస్తుంది. గుర్తింపులో ఆలస్యమైతే పంట చేజారుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో కలచురి రాజుల పూర్వ రాజధాని రతన్‌పూర్ పరిసరాల్లోని వరి పొలాలకు ఇది ఏటా ఎదురయ్యే పరీక్ష. ఇక్కడి సాగు ప్రధానంగా వర్షాలపై ఆధారపడింది. ఖూటాఘాట్ జలాశయం కొంత ఆయకట్టుకు ఆదరువు.

ఈ ప్రాంతానికి తెలుగునేలతో పాత అనుబంధం ఉంది. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు సమీపంలోని బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డాయి. తెలుగునేల నుంచి వరి వంగడాలు కూడా ఈ రాష్ట్రానికి చేరాయి. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో రూపొందిన స్వర్ణ వరి (ఎం.టి.యు. 7029) ఛత్తీస్‌గఢ్‌లో విస్తృతంగా సాగవుతోంది.

ఎండ, ముంపు

నేలలో తేమ తగ్గినప్పుడు మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావంతో ఆకులపై ఉండే పత్రరంధ్రాలు మూసుకొని, నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. అదే సమయంలో బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడమూ తగ్గడంతో ఎదుగుదల మందగిస్తుంది. ప్రాణం నిలుపుకోవడానికి మొక్క చెల్లించే మూల్యం ఇది.

ముంపును మొక్క ఇథిలీన్ వాయువు ద్వారా గుర్తిస్తుంది. నీటిలో మునిగిన కణజాలం నుంచి ఈ వాయువు సులభంగా బయటకు పోలేదు. అది లోపల పేరుకోగానే సాధారణ వరి నీటిపైకి రావడానికి వేగంగా సాగుతుంది. నిల్వ ఉన్న చక్కెరలు అందుకే ఖర్చయి, నీరు తీసిన తర్వాత పైరు పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే వరిలోని సబ్1ఎ జన్యువు ఈ తొందరపాటును ఆపి, శక్తిని పొదుపు చేయిస్తుంది. శాస్త్రవేత్తలు ఈ జన్యువును 2006లో గుర్తించారు. దీనిని చేర్చిన స్వర్ణ సబ్-1 వంగడం సుమారు రెండు వారాల ముంపును తట్టుకోగలదు. 2009లో ఇది మన దేశంలో విడుదలైంది.

తెగులును పసిగట్టే విధానం

మొక్క కణాల ఉపరితలంపై గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఉంటాయి. సూక్ష్మజీవులకు చెందిన అణువులు తగిలిన వెంటనే ఇవి కణంలోకి హెచ్చరిక పంపుతాయి. కాల్షియం ప్రవాహం మొదలై, సూక్ష్మజీవికి హాని చేసే రసాయనాలు తయారవుతాయి, కణకవచం గట్టిపడుతుంది. సూక్ష్మజీవులను ఎదుర్కోవడంలో సాలిసిలిక్ ఆమ్లం, ఆకు నమిలే పురుగులను ఎదుర్కోవడంలో జాస్మోనిక్ ఆమ్లం ముఖ్యపాత్ర వహిస్తాయి.

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు ఇందుకు తగిన ఉదాహరణ. గాలివానకు ఆకులపై ఏర్పడిన గాయాల ద్వారా, ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల ద్వారా బాక్టీరియా లోపలికి చేరుతుంది. అంచుల వెంట అలలుగా పసుపు చారలు ఏర్పడి, ఆకు కొన నుంచి ఎండుతుంది. తెగులు ముదిరిన తర్వాత పూర్తిగా అదుపు చేయగల మందు లేదు. అందువల్ల మొక్క స్వీయరక్షణే ప్రధానం.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) బియ్యం నాణ్యతకు పేరుపొందినా, ఈ తెగులుకు సులభంగా లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సంకరణం ద్వారా దీనిలో మూడు నిరోధక జన్యువులను చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు.

ఆ మూడింటిలో ఎక్స్.ఎ. 21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరికి చెందినది. 1995లో దీనిని వేరు చేసి గుర్తించారు. బాక్టీరియా విడుదల చేసే ఒక చిన్న ప్రోటీన్‌ను ఇది పట్టుకుంటుంది. రెండవది ఎక్స్.ఎ. 13. బాక్టీరియా తన ఆహారం కోసం మొక్కలోని చక్కెర రవాణా జన్యువును బలవంతంగా పనిచేయిస్తుంది. ఎక్స్.ఎ. 13 ఉన్న మొక్కలో ఆ జన్యువు మీట మారిపోయి ఉండటంతో బాక్టీరియా ఎత్తు పారదు. మూడవదైన ఎక్స్.ఎ. 5 కూడా మొక్క జన్యుయంత్రాంగాన్ని బాక్టీరియా వాడుకోకుండా అడ్డుపడుతుంది.

మూడు జన్యువులు ఎందుకు?

బాక్టీరియా కూడా మారుతూ ఉంటుంది. ఒకే కాపలా ఉంటే దానిని తప్పించుకునే రకం త్వరలో పుట్టుకొస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం. అయినా ఏ రక్షణా శాశ్వతం కాదు కనుక కొత్త జన్యువుల అన్వేషణ ఆగకూడదు. ఆ నిధి దేశవాళీ రకాల్లో ఉంది. డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా వేలాది స్థానిక వరి రకాలను సేకరించారు. నేడు అక్కడి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం 20 వేలకు పైగా వరి నమూనాలను భద్రపరుస్తోంది.

రైతు చేయూత లేనిదే మొక్క రక్షణ పూర్తికాదు. నత్రజని ఎరువు మోతాదు మించితే ఎండాకు తెగులు ఉధృతమవుతుంది. లక్షణాలు కనిపించగానే నత్రజని వేయడం తాత్కాలికంగా ఆపాలి. తెగులు సోకిన మడిలోని నీటిని పక్క మడిలోకి పారనీయరాదు. ఆరోగ్యకరమైన పొలం నుంచే విత్తనం సేకరించాలి. తెగులు తరచుగా వచ్చే ప్రాంతాల్లో నిరోధక వంగడాన్ని ఎంచుకోవడం అన్నింటికన్నా చవకైన, నమ్మకమైన మార్గం.