ట్రిపోలీలో ఉస్మానియా సేన

1911 సెప్టెంబరు 29న ఇటలీ ఉస్మానియా సామ్రాజ్యంపై యుద్ధం ప్రకటించేనాటికి ట్రిపోలీలో ఉన్న సేన స్వల్పం. అందుకు కారణం యమన్‌లో ఉంది. అక్కడ ఇమామ్ యహ్యా తిరుగుబాటును అణచటానికి ఆ ఏడాదే ఇజ్జత్ పాషా నాయకత్వాన పెద్ద సైన్యాన్ని పంపవలసి వచ్చింది. ట్రిపోలీ దళాలలో కొంత భాగాన్ని సైతం అక్కడికి తరలించారు. ఒక సరిహద్దును నిలుపుకోవటానికి మరొక సరిహద్దును ఖాళీ చేశారన్నమాట.

లోపం సైనికుల ధైర్యంలో లేదు, సముద్రంపై పట్టు పోవటంలో ఉంది. సుల్తాన్ అబ్దుల్ అజీజ్ అప్పులు తెచ్చి సమకూర్చిన నౌకాదళం అబ్దుల్ హమీద్ ఏలుబడిలో ఏళ్ళ తరబడి ఇస్తాంబుల్ రేవులోనే తుప్పు పట్టింది. ఇక ఓడలపై పటాలాలను పంపటం ఎలా? మిగిలింది ఈజిప్టు మీదుగా భూమార్గం. ఈజిప్టు పేరుకు సుల్తానుదే, పెత్తనం మాత్రం బ్రిటిషువారిది. వారు తుర్కీ సేనలను దాటనివ్వలేదు. సుల్తాను అధికారులైన అన్వర్, ముస్తఫా కమాల్ తమ సుల్తాను రాజ్యంలోనే మారువేషాలతో ప్రయాణించవలసి వచ్చింది!

అయినా తీరం విడిచి లోపలికి తగ్గిన సేనకు అరబ్బు తెగలు, తూర్పున సనూసీలు తోడైనారు. ఏడాది గడిచినా ఇటలీ తీరం దాటి ఎంతో దూరం పోలేకపోయింది. ఇంతలో బాల్కన్ యుద్ధం ముంచుకువచ్చింది. 1912 అక్టోబరు 18న ఊషీ సంధిలో తుర్కీ తన సేనను వెనక్కి పిలిపించటానికి అంగీకరించింది. సనూసీలు మాత్రం ఆయుధాలు దించలేదు. వారి యోధుడు ఉమర్ ముఖ్తార్‌ను ఇటలీ ఉరితీసింది 1931లో.