జంషెడ్‌పూరునకు తెలుగు తరంగములు

1907లో టాటావారి ఉక్కుసంస్థ ఏర్పడి, 1912లో సాక్చి గ్రామమున తొలి ఉక్కు పోతపోసిన పిమ్మట సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమము చెంత ఒక పెద్ద పట్టణము వెలసినది. 1919లో దానికి జంషెడ్‌పూరు అను పేరు పెట్టిరి. కర్మాగారమును ఆశ్రయించి వచ్చినవారిలో తెలుగువారు పెక్కుమంది. 1950 నవంబరు 26న నెహ్రూగారు జాతీయ లోహశోధనాలయమును ప్రారంభించుటతో కేంద్ర ప్రభుత్వోద్యోగులకును ఆ ఊరు నెలవైనది. ఇంట మాటలాడు భాష, వీథిలో వినబడు భాష వేరైనచోట గాలిలో తేలివచ్చు తెలుగు మాటకు గల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మాట వచ్చుటయు రాకుండుటయు చాలవరకు ఆకాశము చేతిలోనుండెను.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. జంషెడ్‌పూరు అచటికి ఆకాశమార్గమున సుమారు 900 కిలోమీటర్ల దూరము. పగటివేళ మధ్యమ తరంగములను అయనోస్ఫియరులోని క్రింది పొర మ్రింగివేయును. ప్రొద్దుగ్రుంకిన వెనుక ఆ పొర సన్నగిల్లును. తరంగములు పై పొరలను తాకి తిరిగి నేలకు వంగును. కావుననే దూరపు కేంద్రములు రాత్రిపూట మాత్రమే పలుకును. ఈ పొరల పరిశోధనకు మన దేశమున ఆద్యుడైన శిశిరకుమార మిత్రా కలకత్తాలోనే కృషి సలిపెను. 1947లో వెలువడిన ఆయన గ్రంథము లోకప్రసిద్ధము. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నందును ఈ శాస్త్రము చక్కగా వేళ్లూనినది.

పొరలు అనుకూలించినను మెరుపులు ఊరకుండవు. చైత్ర వైశాఖములలో ఛోటా నాగపూరు పీఠభూమిపై సాయంకాలము విరుచుకుపడు గాలివానను బెంగాలీలు కాలబైశాఖి అందురు. ప్రతి మెరుపును ఒక చిన్న రేడియో కేంద్రమే. దాని పెటపెటలు మధ్యమ తరంగములపై వందల కిలోమీటర్లు వ్యాపించును. వార్తల నడుమ ఈ రొద చొరబడినచో మీట ఎంత త్రిప్పినను ఫలము లేదు. మెరుపులు తక్కువై, రాత్రులు దీర్ఘమైన మార్గశిర పుష్యములే దూరశ్రవణమునకు మేలైన కాలము.

టెలివిజను కథ వేరు. దాని తరంగములు అయనోస్ఫియరును సాధారణముగా లెక్కచేయక చీల్చుకొనిపోవును. భూమి వంపును దాటలేవు. వంద మీటర్ల స్తంభమునుండి వెడలిన ప్రసారము నేలమట్టమున సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే చేరును. 1975 ఆగస్టు 9న ఆరంభమైన కలకత్తా టెలివిజను కేంద్రమో, జంషెడ్‌పూరునకు సుమారు 220 కిలోమీటర్లు. అయినను నిర్మలమైన శీతకాలపు రాత్రి నేల చల్లబడి, దానిపై వెచ్చని గాలిపొర నిలిచినప్పుడు తరంగములు ఆ రెంటి నడుమ చిక్కి గొట్టములోని నీటివలె బహుదూరము పారును. సూర్యుడు పైకి రాగానే నేల వేడెక్కి ఆ గొట్టము చెదరును. మంచు పట్టినందున బొమ్మ చెడినదను మాట సరికాదు; ఈ తరంగములకు మంచు అడ్డే కాదు, మంచును బొమ్మ మార్పును రెండును ఆ గాలిపొర సంతానమే. తిరుపతి చేరువ గాదంకిలో 53 మెగాహెర్ట్జులపై పనిచేయు రాడారు గాలిలోని ఇట్టి సూక్ష్మభేదముల ప్రతిధ్వనులనే ఏరుకొనుచున్నది.

1975-76లో అమెరికా ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములందలి 2400 గ్రామములకు ప్రసారము సాగినది. 860 మెగాహెర్ట్జుల ఆ తరంగములకు వాన బెడద లేదు. కోళ్లగూటి వలతో అల్లిన పళ్లెములే చాలెను. 1995లో ఈటీవీ రాకతో తెలుగు కార్యక్రమములు దూరసీమలకు ఉపగ్రహముననే దిగినవి. తరువాత ఇంటింటి కప్పునకెక్కిన చిన్న పళ్లెముల తరంగము పొడవు రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఇంత పొట్టి తరంగములను పెద్ద చినుకులు పీల్చివేసి, చెదరగొట్టును. కావున దాల్మా కొండలపై మబ్బు కమ్మి కుండపోత మొదలైనంతనే బొమ్మ ముక్కలై నిలిచిపోవును. వాన వెలసిన కొద్ది నిమిషములకే తిరిగివచ్చును. మార్చి, అక్టోబరు మాసములందు ఎండ కాయుచుండగనే కొన్ని నిమిషములు బొమ్మ పోయినచో మాత్రము తప్పు మేఘములది కాదు. అప్పుడు సూర్యుడే ఉపగ్రహము వెనుక నిలుచును.